సముద్రం మీద యుద్ధనీడ – 8: బంగాళాఖాతంలో రెండు నౌకలు

1971 భారత–పాకిస్తాన్ యుద్ధం ముగింపుకొస్తుండగా, డిసెంబరు 15న అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ మలక్కా జలసంధి దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. అణుశక్తితో నడిచే విమానవాహక నౌకల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది అదే. పొడవు 340 మీటర్ల పైచిలుకు, బరువు సుమారు 90 వేల టన్నులు. లోపల ఎనిమిది అణు రియాక్టర్లు, పైనా కిందా కలిపి 70కి పైగా విమానాలు. దాని వెంట మెరైన్ సైనికులను, హెలికాప్టర్లను మోసుకొచ్చే ట్రిపోలీ అనే నౌక, కొన్ని డెస్ట్రాయర్లు ఉన్నాయి. ఈ బలగం బయలుదేరిందన్న వార్త పొక్కేసరికి మన దేశంలో ఒకటే చర్చ. అమెరికా నౌకాదళపు సెవెంత్ ఫ్లీట్ వస్తోంది, ఆ దేశం యుద్ధంలోకి దిగబోతోంది. ఆ రోజుల్లో పేపరు చదివినవాళ్లకీ రేడియో విన్నవాళ్లకీ ‘సెవెంత్ ఫ్లీట్’ అన్న మాట ఈనాటికీ గుర్తే. అదే సమయంలో అదే బంగాళాఖాతంలో ఇంకో విమానవాహక నౌక ఉంది. అది మన విక్రాంత్. టన్నుల్లో ఎంటర్‌ప్రైజ్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. బాయిలర్‌లో పగుళ్లు పడి పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. కొన్ని వారాలపాటు అది ఎక్కడుందో మన జనానికి తెలియదు, శత్రువుకూ తెలియదు. యుద్ధం చేసింది ఆ రెండో నౌక. అందరూ చూసిన మొదటి నౌక ఒక్క గుండు కూడా పేల్చకుండా తిరిగి వెళ్లిపోయింది.

ఇందులో యాదృచ్ఛికం కన్నా ఎక్కువే ఉందని నా వాదన. విమానవాహక నౌక ఫలానా సముద్రానికి కదిలిందనగానే యుద్ధం ముంచుకొస్తోందని లెక్క కట్టడం గత ఎనభై ఏళ్లుగా వార్తాలోకానికి అలవాటైపోయింది. ఆ లెక్క తరచూ తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో 1971 నాటి ఈ రెండు నౌకలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

ముందు విక్రాంత్ సంగతి. బ్రిటన్‌లో హెర్క్యులిస్ పేరుతో రెండో ప్రపంచయుద్ధ కాలంలో మొదలై సగంలో ఆగిపోయిన ఓడను మన ప్రభుత్వం కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న నౌకాదళంలో చేర్చుకుంది. 1965 యుద్ధ సమయంలో అది బొంబాయిలో మరమ్మతుల్లో ఉండిపోయింది. దాన్ని ముంచేశామని అప్పట్లో పాకిస్తాన్ ప్రచారం చేసుకుంది. 1971 నాటికి బాయిలర్ పగుళ్ల సమస్య వచ్చిపడింది. బాయిలర్‌కు ఉక్కు పట్టీలు బిగించి, ఆవిరి ఒత్తిడి తగ్గించి, సుమారు 16 నాట్ల వేగానికి పరిమితమై నడపాల్సి వచ్చింది. విమానవాహక నౌకకు వేగమంటే ప్రయాణ సమయం ఒక్కటే కాదు. గాలికి ఎదురుగా ఓడ ఎంత వడిగా పోతే డెక్ మీద విమానం అంత తేలిగ్గా లేస్తుంది. అందుకే ఆ నౌకను యుద్ధానికి పంపాలా వద్దా అన్న చర్చ నౌకాదళంలోనే గట్టిగా నడిచింది. పంపాలనే నిర్ణయించారు. 1971 మధ్యలో అది బొంబాయి వదిలి తూర్పు తీరానికి వచ్చింది. మద్రాసు, ఆ తర్వాత విశాఖపట్నం, చివరికి జనం కంటికి దూరంగా అండమాన్ దీవుల్లోని ఒక మారుమూల లంగరు రేవు.

పాకిస్తాన్ దగ్గర అంత దూరం వచ్చి విక్రాంత్‌ను వేటాడగల జలాంతర్గామి ఒక్కటే ఉంది, ఘాజీ. అమెరికా డయాబ్లో పేరుతో కట్టి, తర్వాత పాకిస్తాన్‌కు అరువుగా ఇచ్చినది. 1971 నవంబరు 14న కరాచీ వదిలి సిలోన్ చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. దాన్ని ఎదుర్కోవడానికి విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఎంచుకున్న దారి విక్రాంత్‌ను విశాఖలో ‘ఉంచడం’. నౌక అండమాన్లలో, దాని నీడ విశాఖలో. ఆయన తర్వాత రాసిన దాని ప్రకారం, ఒక పెద్ద నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు, సరుకులు కావాలని ఊళ్లో కాంట్రాక్టర్లకు ఆర్డర్లు వెళ్లాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత డెస్ట్రాయర్ రాజ్‌పుత్ సముద్రంలోకి వెళ్లి విక్రాంత్ తానే అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు తంతి ఒకటి కూడా కావాలనే పంపించారు. మార్కెట్లో మాట నిలవదని, వినే చెవులు ఎక్కడో ఉంటాయని కృష్ణన్ లెక్క. ఆ లెక్క నిజమైంది. ఘాజీ విశాఖ రేవు ముంగిట్లో కాపు కాసింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు వినిపించింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మనవాళ్లూ, తాను పరుస్తున్న మైన్లలోనే ఒకటి పేలి మునిగిందని పాకిస్తానీలూ అంటారు. ఈ వివాదం ఇప్పటికీ తేలలేదు, నా వాదనకు తేలనక్కర్లేదు. తేలిన సంగతేమిటంటే, 90 మందికి పైగా ఉన్న ఆ సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. వాళ్లు ప్రాణాలు పెట్టి వెతికిన నౌక అక్కడ లేనేలేదు. మర్నాడు తేలిన నూనె తెట్టునూ శకలాలనూ మొదట చూసి కబురు తెచ్చినవాళ్లు మన తీరపు మత్స్యకారులే.

అదే డిసెంబరు 4న విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి మొదలుపెట్టాయి. తర్వాతి రోజుల్లో తూర్పు పాకిస్తాన్ రేవులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఓడ మీద తప్పించుకునే దారి లేకుండా పోయింది. దెబ్బ కొట్టబోయే నౌక తన ఉనికిని చివరి గంట దాకా దాచుకుంది. పైగా వేరే చోట ఉన్నట్టు నమ్మించింది.

ఇప్పుడు ఎంటర్‌ప్రైజ్. టాస్క్ ఫోర్స్ 74 అన్న పేరుతో ఆ దళాన్ని డిసెంబరు 10న ఏర్పాటు చేశారు. అప్పటిదాకా ఎంటర్‌ప్రైజ్ వియత్నాం పక్కన టోంకిన్ సింధుశాఖలో ఉంది. పైకి చెప్పిన కారణం ఢాకాలో చిక్కుకున్న అమెరికన్ పౌరులను తరలించడం. కానీ డిసెంబరు 12న బ్రిటిష్ వైమానిక దళపు విమానాలు ఢాకాలో దిగి విదేశీయులను తీసుకెళ్లిపోయాయి. ఆ తర్వాత కూడా నౌక ముందుకే వచ్చింది. కాబట్టి అసలు కారణం వేరు. 2005 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వమే బయటపెట్టిన సంభాషణలూ పత్రాలూ చదివితే అది తెలుస్తుంది. డిసెంబరు 10న, అంటే ఈ దళం పుట్టిన రోజునే, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు హెన్రీ కిసింజర్ న్యూయార్క్‌లో చైనా రాయబారి హువాంగ్ హువాను రహస్యంగా కలిశాడు. అమెరికా నౌకలు కదులుతున్నాయని ఆయనకు స్వయంగా చెప్పాడు. రెండు నెలల తర్వాత నిక్సన్ చైనా వెళ్లాల్సి ఉంది. ఆపదలో ఉన్న మిత్రుడిని అమెరికా వదిలేయదని బీజింగ్‌కు చూపించాలి, భారతదేశం పశ్చిమ పాకిస్తాన్ మీదకు పోకుండా మాస్కో అదుపు చేయాలి. ఆ నౌక మోసుకొచ్చిన ఉత్తరం మీద చిరునామాలు ఈ రెండు రాజధానులవి. ఢాకా చుట్టూ సాగుతున్న యుద్ధాన్ని మార్చే పని దానికి ఎవరూ అప్పగించలేదు. తన నౌకలను అక్కడికి పంపారే గానీ అవి చేయాల్సిన పని ఏమిటో స్పష్టంగా చెప్పలేదని అప్పటి అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ జుమ్‌వాల్ట్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నౌక బంగాళాఖాతంలో అడుగుపెట్టిన మర్నాడే, డిసెంబరు 16 సాయంత్రం, ఢాకా రేసుకోర్సు మైదానంలో అక్కడి పాకిస్తాన్ సేనాధిపతి నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు.

విమానవాహక నౌకను ఇలా ఉత్తరంగా వాడుకోవడం పాలకులకు ఎందుకంత సులువో కాస్త ఆగి చూడాలి. నా వాదనకు కీలకం ఇక్కడే ఉంది. 30 నాట్ల వేగంతో పోయే నౌక ఒక రోజులో దాదాపు 1,300 కిలోమీటర్లు వెళ్తుంది. అంతర్జాతీయ జలాల్లో తిరగడానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. పార్లమెంటునో కాంగ్రెస్‌నో అడగనక్కర్లేదు. నావికుల జీతాలు, ఓడ నిర్వహణ ఎలాగూ తప్పని ఖర్చులు. ఇక్కడున్నా అక్కడున్నా ఓడ సముద్రం మీదే తిరుగుతుంది. ఒక్క ఆదేశంతో పంపవచ్చు, ఇంకో ఆదేశంతో వెనక్కి పిలవవచ్చు, పరువు పోయిందని ఎవరూ అనరు. ఒక దేశం నేల మీద సైన్యాన్ని దింపితే అలా కాదు. వెనక్కి తీస్తే ఓడిపోయారంటారు. అంటే విమానవాహక నౌక కదలిక పాలకుడికి చాలా చవకైన చర్య. చవకగా చేయగలిగిన పని చేసినవాడి సంకల్పం గురించి మనకు పెద్దగా ఏమీ చెప్పదు. పదిసార్లు చేసి తొమ్మిదిసార్లు వెనక్కి తగ్గగలిగిన పని అది. 1996 మార్చిలో తైవాన్ చుట్టూ చైనా క్షిపణులు ప్రయోగించినప్పుడు అమెరికా ఇండిపెండెన్స్, నిమిట్జ్ అనే రెండు నౌకలను పంపింది. యుద్ధం ఖాయమని ప్రపంచమంతా రాసింది. యుద్ధం రాలేదు. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ఒక నౌక స్థానంలోకి ఇంకొకటి వచ్చినప్పుడు కొన్ని రోజులపాటు రెండూ ఒకే సముద్రంలో ఉంటాయి. మామూలు వంతు మార్పిడిని పత్రికలు ‘రెండో నౌక కూడా వచ్చింది’ అని రాస్తాయి.

నా వాదనకు బలమైన అభ్యంతరాలున్నాయి. అందరికీ కనబడుతూ బయలుదేరి నిజంగానే యుద్ధం చేసిన నౌకలు లేవా? ఉన్నాయి. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించింది. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 5న, హెర్మీస్, ఇన్విన్సిబుల్ అనే రెండు బ్రిటిష్ విమానవాహక నౌకలు పోర్ట్స్‌మత్ నుంచి టీవీ కెమెరాల ముందే, ఒడ్డున వేలమంది వీడ్కోలు చెబుతుండగా బయలుదేరాయి. ఆ హెర్మీసే తర్వాత మన విరాట్ అయింది. బ్రిటన్ అంత దూరం వచ్చి పోరాడదని అర్జెంటీనా సైనిక పాలకులు లెక్కవేసుకున్నారు. అదీ ఇప్పుడు నేను చెబుతున్న లెక్కలాంటిదే, కనబడే నౌక బేరం కోసమే వస్తుందని. మే 2న వాళ్ల బెల్‌గ్రానో యుద్ధనౌక మునిగి 300 మందికి పైగా చనిపోయాక గానీ ఆ లెక్క తప్పని తేలలేదు. నా సూత్రాన్ని గుడ్డిగా నమ్మినవాడు ఇలాగే మోసపోతాడని విమర్శకుడు అంటే కాదనలేను. అందుకే ఆ సూత్రానికి ఒక సవరణ కావాలి.

బ్రిటన్‌లో ఆ ఏప్రిల్‌లో విమానవాహక నౌకలతోపాటు ఏం కదిలిందో చూడండి. కాన్‌బెరా అనే ప్రయాణికుల విలాస ఓడను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని సైనికులను ఎక్కించింది. తర్వాత క్వీన్ ఎలిజబెత్ 2ను కూడా అలాగే తీసుకుంది. విద్యార్థులను విహారయాత్రలకు తిప్పుతున్న యుగాండా అనే ఓడను ఆసుపత్రి ఓడగా మార్చింది. చమురు నౌకలు, సరుకు ఓడలు డజన్ల కొద్దీ వ్యాపారం మానుకుని దక్షిణానికి బయలుదేరాయి. ఇవేవీ చవకైన పనులు కావు. ఆసుపత్రి ఓడను బెదిరించడానికి ఎవరూ పంపరు. గాయపడినవాళ్లు ఉంటారని అనుకున్నప్పుడే పంపుతారు. పైగా దక్షిణ అట్లాంటిక్‌లో చలికాలం ముంచుకొస్తోంది. ఆ తుఫాను సముద్రంలో నౌకలు నెలల తరబడి ఊరికే నిలబడలేవు. పోరాడాలి, లేదా తిరిగి రావాలి. ఎంటర్‌ప్రైజ్ విషయంలో ఇవేవీ లేవు. ట్రిపోలీలో కొంతమంది మెరైన్లు ఉన్న మాట నిజమే. కానీ తూర్పు పాకిస్తాన్‌లో దిగి భారత సైన్యాన్ని అడ్డుకోవడానికి అవసరమైన బలగం కాదది. వెనకాల సరుకు ఓడల బారు లేదు, ఆసుపత్రి ఏర్పాటు లేదు, గడువు లేదు. వియత్నాం నుంచి సైన్యాన్ని ఇంటికి తెచ్చుకుంటున్న దేశం ఆసియాలో ఇంకో యుద్ధానికి సిద్ధమైన గుర్తు ఒక్కటీ లేదు.

1990–91 గల్ఫ్ సంక్షోభం కూడా ఇదే చెబుతుంది. ఇరాక్ మీద దాడి మొదలైనప్పుడు అమెరికా ఆరు విమానవాహక నౌకలను మోహరించింది. అయితే యుద్ధం వస్తుందని చెప్పింది ఆ ఆరు నౌకలు కావు. ఐదు నెలలపాటు సౌదీ ఎడారిలోకి చేరిన లక్షల సైన్యం, 1991 జనవరి 15ను గడువుగా పెట్టిన ఐక్యరాజ్యసమితి తీర్మానం. గడువు దాటిన రెండు రోజులకు, జనవరి 17న, బాంబులు పడ్డాయి. కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో ఉన్నారు. ఇరాక్ ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేర్చారు. ఈనాటికీ గల్ఫ్ వైపు నౌక కదిలిందన్న వార్త వస్తే రాజంపేటలోనూ రాజోలులోనూ తల్లులకు నిద్ర పట్టదు. అలాంటి ఇళ్ల కోసమైనా నౌకల సంఖ్య పక్కనబెట్టి నేల మీద ఏం చేరుతోందో, ఎవరు గడువు పెట్టారో చూడమని చెప్పడం అవసరం అనుకుంటాను.

కనబడని నౌకే ప్రమాదమన్న మాటకు ఇంకో సాక్ష్యం మన తీరంలోనే ఉంది. 1941 నవంబరు 26న జపాన్ విమానవాహక నౌకలు ఆరు కురిల్ దీవుల నుంచి వైర్‌లెస్ మౌనంతో బయలుదేరాయి. అవెక్కడున్నాయో అమెరికా గూఢచారి విభాగానికి అంతు చిక్కలేదు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద తేలాయి. నాలుగు నెలల తర్వాత వాటిలో ఐదు హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. 1942 ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ వాటి దెబ్బ తిన్నాయి. అదే సమయంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో ఇంకో దళం బంగాళాఖాతంలో తిరుగుతూ 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. ఏప్రిల్ 6న దాని విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ముందురోజు దాకా ఆ నౌక పేరు మన తీరంలో ఎవరూ విని ఉండరు. దాడి తర్వాత మాత్రం ఊళ్లు ఖాళీ అయ్యాయి. జపాన్ వాళ్లు దిగబోతున్నారన్న వదంతితో ఏప్రిల్ రెండో వారంలో మద్రాసు నుంచి జనం లక్షల్లో రైళ్లెక్కారు, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి. అప్పటికి జపాన్ నౌకలు వెనుదిరిగి మలక్కా వైపు వెళ్లిపోతున్నాయి. నౌకలు వచ్చినప్పుడు ఎవరూ ఊహించలేదు, వెళ్లిపోయాక అందరూ ఎదురుచూశారు. భయపడిన జనాన్ని తప్పుపట్టడానికి లేదు. వాళ్లకు నిజం చెప్పే దారి అప్పటి ప్రభుత్వం దగ్గరే లేదు.

ఇంకో అభ్యంతరం కిసింజర్‌ది, నిక్సన్‌ది. ఎంటర్‌ప్రైజ్ వచ్చింది కాబట్టే ఇందిరాగాంధీ పశ్చిమ సరిహద్దులో కాల్పుల విరమణ ప్రకటించిందని, ఆ నౌక పశ్చిమ పాకిస్తాన్‌ను కాపాడిందని వాళ్లు చెప్పుకున్నారు. తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదిది. జరగని సంఘటన ఎందుకు జరగలేదో రుజువు చేయడం ఎవరికైనా కష్టమే. అయినా సాక్ష్యం అటువైపు మొగ్గడం లేదు. ఢాకా లొంగిపోగానే భారత్ తనంతట తానే విరమణ ప్రకటించి, డిసెంబరు 17 రాత్రి నుంచి అమలు చేసింది. పశ్చిమంలో ఆక్రమణ ఉద్దేశం లేదని మాస్కో ద్వారా అంతకుముందే హామీలు వెళ్లాయి. చైనా సైన్యం హిమాలయాల్లో కదలలేదు. సోవియట్ నౌకలు కూడా వ్లాదివొస్తోక్ నుంచి బయలుదేరి ఎంటర్‌ప్రైజ్ వెనకాలే వచ్చాయి. అంతకు నాలుగు నెలల ముందు, ఆగస్టు 9న కుదిరిన భారత–సోవియట్ ఒప్పందం నీడ అప్పటికే ఆ సముద్రం మీద ఉంది. ఒక నౌక ఇంకో నౌకను చూస్తూ ఉంది తప్ప ఢిల్లీలో నిర్ణయం మారినట్టు నాకు కనిపించదు.

దాని ప్రభావం మాత్రం లేకపోలేదు. అది పంపినవాళ్లు అనుకోని చోట తేలింది. 1972 జనవరిలో ఎంటర్‌ప్రైజ్ హిందూ మహాసముద్రం వదిలి వెళ్లింది. మన నౌకాదళ వ్యూహకర్తల మనసులో మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. అంత పెద్ద నౌక మన ముంగిట్లోకి నిజంగానే యుద్ధానికి వస్తే దాన్ని దూరంగా నిలబెట్టేది ఏమిటి? వాళ్లకు తోచిన జవాబు విక్రాంత్ లాంటి ఇంకో పెద్ద డెక్ కన్నా నీటి కింద కనబడకుండా తిరగగలిగే అణు జలాంతర్గామి. 1988లో సోవియట్ యూనియన్ నుంచి మొదటి అణు జలాంతర్గామి లీజు మీద వచ్చింది. దానికి చక్ర అని పేరు పెట్టి విశాఖలోనే ఉంచారు. 2009 జులై 26న మన సొంత అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది కూడా ఆ ఊళ్లోనే, ఘాజీ శకలాలు పడి ఉన్న తీరానికి కొద్ది మైళ్ల దూరంలో.